పాసైంది గానీ పాసవుట్ కాలేదు

"పాసయ్యావమ్మా, నేను కాదన్లేదు. పాసవుట్ మాత్రం అవలేదు," అన్నాడు ముత్యాల్రావు.

ముత్యాల్రావు అంటే యూనివర్సిటీలో సర్టిఫికెట్ల సెక్షన్ సూపరింటెండెంటు. ఆయన కిటికీకి అవతల, బ్యూలా కిటికీకి ఇవతల, మధ్యలో ఆమె బీఎస్సీ నర్సింగ్ మార్కుల మెమో. అన్ని సబ్జెక్టుల్లోనూ ఆమె పాసైందని యూనివర్సిటీయే అచ్చేసింది, కింద యూనివర్సిటీయే సంతకం పెట్టింది, ఇప్పుడు యూనివర్సిటీయే కాదంటోంది. సరిగ్గా వినలేదేమోనని బ్యూలా చెవి మీద జుట్టు వెనక్కి తోసుకుని మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి కొంచెం నిదానంగా, చెవిటివాళ్లకు చెప్పినట్టు.

ఆమెకు తొందరుంది. బస్టాండు వెనకున్న పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖుకల్లా పాసవుట్ సర్టిఫికెట్ పట్టుకుని రాకపోతే తర్వాతి పేరు పిలుస్తామని వాళ్లు ముందే చెప్పారు. తల్లి సువార్తమ్మ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో అట్లు పోసి కూతుర్ని ఇంతదాకా చదివించింది. ఆవిడ మోకాళ్లు ఇక పొయ్యి ముందు నిలబడనంటున్నాయి. ఒకటో తారీఖు నుంచి పెనం ఇంకెవరికైనా అప్పజెప్పుకోండని మెస్సు మేనేజరుకి చెప్పేసింది కూడా.

ముత్యాల్రావు పెన్ను మూత పెట్టి, ఆ మూతతోనే గోడ మీదున్న సర్క్యులర్ చూపించాడు. "చదువుకో. చదివాక నన్ను తిట్టుకోవద్దు, నేను అంటించానంతే, రాయలేదు."

సర్క్యులర్ ఇలా ఉంది: "పాస్ అవుట్ అను ఆంగ్ల క్రియాపదమునకు నిఘంటువు ప్రకారము స్పృహ కోల్పోవుట అని అర్థమైనందున, ఇకమీదట సదరు క్రియ వాస్తవముగా జరిగినట్లు నిర్ధారణ కానిదే ఏ అభ్యర్థికిని పాసవుట్ సర్టిఫికెట్ జారీ చేయబడదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

బ్యూలా దాన్ని రెండుసార్లు చదివింది. చదివి, "అంటే నేను కళ్లు తిరిగి పడిపోవాలా అండీ?" అంది.

"ఇక్కడ కాదు," అన్నాడు ముత్యాల్రావు కంగారుగా. "దానికి సెంటర్ వేరే ఉంది."

ఇదెలా మొదలైందో చెప్పుకోవాలి. ఎక్కడో విదేశంలో ఒక కంపెనీవాళ్లు మన కుర్రాణ్ణి ఒకణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంటూ, అతని సర్టిఫికెట్ నిజమైనదో కాదో కనుక్కుందామని యూనివర్సిటీకి మెయిల్ పెట్టారు. పెట్టినవాళ్లు ఊరుకోకుండా చివర్న ఒక వాక్యం జోడించారు. ఈ అబ్బాయి మీ ప్రాంగణంలో స్పృహ తప్పాడని సర్టిఫికెట్లో రాశారు, ఇప్పుడు ఆరోగ్యం బాగుంది కదా అని. పాపం వాళ్లు అభిమానం కొద్దీ అడిగారు. యూనివర్సిటీలో మాత్రం ఆ మెయిల్ ప్రింటవుట్ తీసినరోజు ఎవరూ మధ్యాహ్నం భోజనం సరిగ్గా చెయ్యలేదు.

ఎందుకంటే ఆ మాట ఉన్నది ఆ ఒక్క సర్టిఫికెట్లోనే కాదు. అన్నింట్లోనూ ఉంది. యూనివర్సిటీ పుట్టిన దగ్గర్నుంచీ ఇక్కడ చదివినవాళ్లందరూ పాసవుట్ అయినట్టే బంగారు రంగు అక్షరాలతో అచ్చయింది. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏ ఇయర్ పాసవుటండీ" అని అడుగుతారు, ఇంటర్వ్యూల్లో అడుగుతారు, రైల్లో పక్క సీటువాడు అడుగుతాడు. ఇన్నేళ్లూ అందరూ గర్వంగా జవాబు చెప్పారు. ఒక్కడికీ దెబ్బ తగల్లేదు.

ఈ సంకట సమయంలో ముందుకొచ్చినవాడు డాక్టర్ వెంపరాల విభాకర్. ఆయన ఇంగ్లీషు ప్రొఫెసరు, అంతకంటే ముఖ్యంగా కొత్తగా పెట్టిన 'ఆంగ్ల భాషా స్వచ్ఛత విభాగం' డైరెక్టరు. ఫ్రేజల్ వెర్బ్స్ మీద ఒక ఆన్‌లైన్ వర్క్‌షాప్‌కి హాజరై వచ్చిన దగ్గర్నుంచీ ఆయన మనిషి మారిపోయాడు. ఇంట్లో భార్య ఫ్యాను ఆన్ చెయ్యమంటే 'ఆన్' అనే మాట వెర్బుకి ఎప్పుడు అతుక్కుందో చెబుతూ చెమటలు కక్కుతూ కూచునేవాడు. గేటు దగ్గర 'పికప్, డ్రాప్' బోర్డు తీయించేసి, 'ఎక్కించుకొనుట, దింపుట' అని రాయిస్తే, ఆటోవాళ్లు అదేదో కల్లు వ్యవహారమనుకుని కొన్నాళ్లు లోపలికి రాలేదు.

రిజిస్ట్రారు ఆచార్య తటవర్తి సర్వోత్తమరావు అధ్యక్షతన సమావేశం జరిగింది. ఒక అసిస్టెంటు ప్రొఫెసరు, కొత్తగా చేరినవాడు, లోకజ్ఞానం ఇంకా అబ్బనివాడు, లేచి ఆ ఒక్క మాట మార్చేసి 'పూర్తి చేశారు' అని అచ్చేస్తే సరిపోతుంది కదా అన్నాడు. అతన్ని అందరూ జాలిగా చూశారు. ఫైనాన్స్ ఆఫీసరు దయతలచి వివరించాడు. గోదాములో ఇంకా లక్షల కొద్దీ సర్టిఫికెట్ కాగితాలు అచ్చయి ఉన్నాయి. అవి పారేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. విద్యార్థులు పడిపోతే ఏ అభ్యంతరమూ రాదు.

"కాగితాన్ని మనిషికి తగ్గట్టు మార్చలేం కాబట్టి, మనిషినే కాగితానికి తగ్గట్టు సవరించుట సముచితము," అని సర్వోత్తమరావు తీర్మానం చెప్పాడు. దాన్ని మినిట్స్‌లో రాసుకున్నారు. టీ వచ్చింది.

టీ తాగుతుండగా ఎవరో, ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు, "మరి మనమో?" అన్నారు. గదిలో కప్పుల చప్పుడు ఆగిపోయింది. అక్కడున్న చాలామంది ఇదే యూనివర్సిటీలో చదివినవాళ్లే. వాళ్ల సర్వీసు పుస్తకాల్లో పాసవుట్ అనే ఉంది. వాళ్లలో ఎవరూ పడిపోలేదు. నిఘంటువు లెక్కన రిజిస్ట్రారుకే డిగ్రీ లేదు. ఆయన మొహం వాడిపోయింది. విభాకర్ సీలింగు వైపు చూస్తూ కాసేపు ఆలోచించి, అప్పటికప్పుడు ఒక అనుబంధ ఉత్తర్వు చెప్పి రాయించాడు: "ప్రస్తుతము సర్వీసులో ఉన్న అధికారులు, అధ్యాపకులు, సిబ్బంది యావన్మందియు స్పృహలో లేనట్లే పరిగణింపబడుదురు. ఇందుకు వేరే ఆధారములు సమర్పించనవసరము లేదు."

ఏకగ్రీవంగా ఆమోదించారు. చప్పట్లు కూడా కొట్టారు. ఊళ్లో ఈ ఉత్తర్వు చదివినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు.

అలా పరీక్ష వచ్చింది. సగం మార్కులు థియరీకి, సగం ప్రాక్టికల్స్‌కి. థియరీలో పాస్ అవుట్ అర్థాలు, పుట్టుక, పర్యాయపదాలు. పుట్టుక గురించి విభాకర్ స్వయంగా ఒక పుస్తకం రాశాడు. పాస్ అంటే లాటిన్లో అడుగు అనే మాటలోంచి వచ్చిందనీ, అవుట్ అంటే బయటికనీ, అడుగు బయట పెట్టడమంటే ఆత్మ దేహంలోంచి అడుగు బయట పెట్టడమేననీ తేల్చాడు. మొదటి రెండూ నిఘంటువుల్లోవి, మూడోది ఆయన సొంతం. పర్యాయపదాల్లో ఫెయింట్, స్వూన్, బ్లాకౌట్ అని బట్టీ పట్టాలి. తెలుగులో మూర్ఛపోవుట, సొమ్మసిల్లుట, కళ్లు తిరుగుట, స్పృహ తప్పుట. 'తూలిపడుట' సరైన జవాబేనని బాయ్స్ హాస్టల్ వాళ్లు ధర్నా చేశారు. శనివారం రాత్రుళ్లు తమకున్న అనుభవానికి క్రెడిట్లు ఇవ్వాలని వినతిపత్రం కూడా ఇచ్చారు. దాన్ని పరిశీలించడానికి సబ్ కమిటీ వేశారు. ఆ సబ్ కమిటీ క్షేత్ర పరిశీలనకని ఒక శనివారం రాత్రి హాస్టల్‌కి వెళ్లింది. నివేదిక ఇంకా రాలేదు, సభ్యులు మాత్రం ఆదివారం మధ్యాహ్నానికి వచ్చారు.

బ్యూలా మొదట పోట్లాడి చూసింది. లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తెరిస్తే, పాస్ అవుట్‌కి మొదటి అర్థం పేజీ అడుగున ఉంది. పేజీ తిప్పితే పైనే రెండో అర్థం ఉంది, సైనికులు శిక్షణ ముగించుకుని శిక్షణ కేంద్రంలోంచి బయటికి రావడమని. కవాతు చేసి బయటికొస్తారే, ఆ పాసవుట్. మన సర్టిఫికెట్లోకి అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. ఆమె ఆ పుస్తకం చంకలో పెట్టుకుని, ఆయాసపడుతూ విభాకర్ గదికి వెళ్లి, పేజీ తిప్పి చూపించింది.

ఆయన ఆ పేజీ వంక చూశాడు. తర్వాత దాని ముందు పేజీ వంక చూశాడు. ఇన్నాళ్లూ ఆ పేజీ తిప్పలేదన్న సంగతి ఆయన మొహంలో ఒక్క క్షణం కనిపించి, వెంటనే సర్దుకుంది.

"నువ్వు సైనికురాలివా అమ్మా?"

"కాదండీ."

"మరి నీకెందుకా అర్థం?"

అని పుస్తకం మూసేసి, సివిలియన్లు మొదటి అర్థంతో సరిపెట్టుకోవాలనీ, రెండో అర్థం కావాలంటే రక్షణ శాఖ ద్వారా దరఖాస్తు చేసుకోవాలనీ చెప్పి పంపించాడు.

చేసేదేం లేక బ్యూలా పరీక్షకు ఫీజు కట్టింది. థియరీ తేలిగ్గానే రాసింది. స్పృహ తప్పడమంటే ఏమిటో నాలుగేళ్లు చదువుకున్న పిల్ల. చిక్కంతా ప్రాక్టికల్స్‌తోనే. ఇండోర్ స్టేడియంలో పరుపులు వేసి, వరుసకి ఇరవై మందిని నిలబెట్టి, ఈల వెయ్యగానే పడిపోమన్నారు. కాసేపు పడి ఉండాలి. ఈలోగా ఎగ్జామినర్ అటెండెన్స్ తీసుకుంటాడు. అందులోనే ఉంది మెలిక. పేరు పిలిస్తే పలకని వాళ్లు పాసు, పలికినవాళ్లు ఫెయిలు. ఒకటో తరగతి నుంచీ అలవాటైన నోళ్లు. రోల్ నంబర్లు పిలుస్తుంటే శవాల్లా పడున్న కుర్రాళ్లు కళ్లు తెరవకుండానే "ఎస్సార్" "ఎస్సార్" అంటూ వరసపెట్టి ఫెయిలయ్యారు. కాలేజీ మొహం చూడకుండా, అటెండెన్స్ ఏనాడూ పలకని వాళ్లంతా డిస్టింక్షన్లో బయటపడ్డారు.

బ్యూలా పలకలేదు. కానీ ఈల వేశాక పక్కనున్న పిల్ల పడబోతుంటే, తనకు తెలియకుండానే చేతులు వెళ్లి పట్టుకున్నాయి. నర్సింగ్ మొదటి సంవత్సరంలో అనాటమీ ల్యాబులో అందరూ పడిపోతుంటే వెనక నిలబడి పట్టుకున్నది బ్యూలాయే. ఇప్పుడు ఆ చేతులు ఊరుకోమంటే ఊరుకోలేదు. పిల్లని నిదానంగా పడుకోబెట్టి, కాళ్లు కొంచెం పైకెత్తి, నాడి చూసింది. ఎగ్జామినర్ కాగితం మీద రాశాడు: "అభ్యర్థి స్పష్టముగా మెలకువతో ఉన్నది. ఫెయిల్."

ఇంటికెళ్లి చెబితే సువార్తమ్మ తల పట్టుకుంది. "నువ్వు పుట్టినప్పుడే ఏడవకుండా కళ్లు తెరుచుకుని అందర్నీ చూశావే. మంత్రసాని జడుసుకుంది. ఇప్పుడు పడిపొమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తాది?" అని, మోకాళ్లకు తైలం రాసుకుంటూ, "మేనేజరు కొత్త మనిషిని మాట్లాడేసుకున్నాడంట. అటు పొయ్యీ పోయింది, ఇటు నీ ఉద్యోగమూ రాలేదు," అంది.  బ్యూలా తైలం సీసా తీసుకుని రెండో మోకాలికి తను రాసింది.

సప్లిమెంటరీ నెలాఖర్లో. ఈలోగా ఊళ్లో కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. ఉన్నవాటిలో చిట్టిబాబు మాస్టారిది పేరున్నది. ఆయన పౌరాణిక నాటకాల్లో ఆడవేషాలు కట్టి, జిల్లా అంతటా స్టేజీల మీద మూర్ఛపోయిన మనిషి. నాటకాలు తగ్గిపోయాక ఖాళీగా కూచున్న ఆయనకి ఈ సర్క్యులర్ దేవుడిచ్చినట్టు వచ్చింది. బ్యూలాని చూసి, "నీ కళ్లల్లో తెలివి ఎక్కువైపోయింది తల్లీ, అదే నీకు అడ్డం," అన్నాడు. పైట చెంగు నుదుటికి ఆనించడం, మోకాలు ముందు మడత పడేలా చూసుకోవడం, తల చివర్న దించడం, అన్నీ నేర్పాడు. ఇంజనీరింగ్ కుర్రాళ్లు పైట లేదంటే టవలు తెచ్చుకోమన్నాడు. బ్యూలాకి ఆయన ఒకే మాట గట్టిగా చెప్పాడు. "పక్కోళ్ల సంగతి పట్టించుకోకు. నీ పడడం నువ్వు పడు. అక్కడ నువ్వు నర్సువి కాదు, అభ్యర్థివి."

బ్యూలా ఆ మాట లోపల్లోపల అనుకుంటూనే సప్లిమెంటరీకి వెళ్లింది.

రోహిణి కార్తె. గోదావరి మీంచి రావాల్సిన గాలి కూడా ఎక్కడో నీడపట్టున పడుకున్నట్టుంది. స్టేడియంలో ఫ్యాన్లు ఆపించారు. అభ్యర్థులకు అనుకూల వాతావరణం కల్పించుటలో భాగమని విభాకర్ ప్రకటించాడు. మంచినీళ్ల డ్రమ్ములు బయట పెట్టించారు. లోపలుంటే కొందరు మొహం కడుక్కుని మాల్‌ప్రాక్టీసుకు పాల్పడుతున్నారట. ఎగ్జామినర్లు మాత్రం వేదిక మీద కూలర్ ముందు కూచున్నారు. వాళ్లు ఎలాగూ స్పృహలో లేనట్లే పరిగణింపబడ్డారు కాబట్టి వాళ్లకు ఎండ అవసరం లేదు.

ఈల వేశారు. బ్యూలా పడింది. చిట్టిబాబు మాస్టారు చూస్తే కళ్ల నీళ్లు పెట్టుకునేలా పడింది. మోకాలు ముందు, తల చివర. కళ్లు మూసుకుని మనసులో ఆసుపత్రి, తెల్ల యూనిఫాం, పొయ్యి దగ్గర లేని అమ్మ, ఇవే తలుచుకుంటోంది. రోల్ నంబర్ పిలిచారు. పలకలేదు. అంతా సరిగ్గా జరిగిపోతోంది.

అప్పుడు పక్క పరుపు మీంచి వస్తున్న శ్వాస వినిపించింది.

అది పడుకున్న మనిషి శ్వాస కాదు. గబగబా, పైపైన, కుక్క రొప్పినట్టు. బ్యూలా ఒక కన్ను సన్నగా తెరిచింది. పక్కన బీకాం పిల్ల నళిని. మొహం కందిపోయి ఉంది. అందరికీ కారుతున్న చెమట ఆ పిల్లకి మాత్రం లేదు. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. బ్యూలా చెయ్యి కొంచెం జరిపి ఆ పిల్ల మోచేతిని తాకింది. పెనంలా కాలుతోంది.

విభాకర్ వేదిక దిగి వరుసల మధ్యకొచ్చి నళిని దగ్గర ఆగాడు. "అద్భుతం," అన్నాడు పక్కవాడితో. "చూడండి, ఇదండీ పాసవుట్ అంటే. పదానికి ప్రాణం పోసింది. యాభైకి యాభై వెయ్యండి." మార్కులు వేశారు. ముందుకు కదిలిపోయారు.

ఇంకాసేపు అలాగే పడి ఉంటే చాలు. ఇంకాసేపు పడి ఉంటే బ్యూలాకి ఉద్యోగం వస్తుంది. ఇంకాసేపు పడి ఉంటే నళిని ఉంటుందో ఉండదో తెలియదు.

బ్యూలా లేచింది.

లేచి, నళిని చంకల కింద చేతులు వేసి, తలుపు వైపు ఈడ్చుకుపోయింది. ఎవరో కూర్చోమని అరిచారు, ఇంకెవరో పడుకోమని అరిచారు. ఆమె వినలేదు. బయట ఉన్న కొద్దిపాటి నీడలో పడుకోబెట్టి, తన చున్నీ నీళ్ల డ్రమ్ములో ముంచి మెడ చుట్టూ, చంకల్లో పెట్టింది, ఆ పిల్ల జాకెట్టు హుక్కులు వదులు చేసింది, అక్కడే నిలబడి చూస్తున్న వాచ్‌మన్ చేతికి అట్ట ముక్కొకటిచ్చి విసరమంది, తను 108కి ఫోన్ చేసింది. విభాకర్ పరుగున వచ్చాడు, చేతిలో మార్కుల షీటుతో.

"ఏంటమ్మా నువ్వు చేస్తున్నది? ఆ అమ్మాయి యూనివర్సిటీ ఫస్ట్. నువ్వు లేపేస్తే మార్కులు తీసెయ్యాల్సొస్తుంది."

"లేవకపోతే మనిషే పోద్దండీ," అంది బ్యూలా, తల ఎత్తకుండా. "కొంచెం ఎండకి అడ్డంగా నిలబడతారా?"

ఆయన నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఆ ఉద్యోగంలో చేరాక ఆయన వల్ల ఎవరికైనా ఉపయోగం జరిగింది అదే మొదటిసారి.

నళిని బతికింది. అంబులెన్స్ ఎక్కించేటప్పటికి కళ్లు తెరిచి, పరీక్ష అయిపోయిందా అని అడిగింది.

బ్యూలా మీద విచారణ జరిపారు. ఆమె పరీక్ష హాల్లో స్పృహలో ఉండడం ఒక నేరం, అది మామూలు ఫెయిలు కింద పోతుంది. కానీ తోటి అభ్యర్థికి స్పృహ తెప్పించే ప్రయత్నం చెయ్యడం మాల్‌ప్రాక్టీసు. జవాబు చూపించడంతో సమానం. వాదించడానికి ఏమైనా ఉందా అని సర్వోత్తమరావు అడిగాడు. ఆ పిల్ల చచ్చిపోయేదండీ అంది బ్యూలా. అది సిలబస్‌లో లేదన్నాడు ఆయన. చనిపోవుట 'పాస్ అవే' అనే వేరే ఫ్రేజల్ వెర్బ్ కిందికొస్తుందని విభాకర్ మెల్లగా గుర్తు చేశాడు.

ఉత్తర్వు చేతికిచ్చారు. "సదరు బ్యూలా అను అభ్యర్థిని పరీక్ష ఆద్యంతము పూర్తి స్పృహలో ఉండుటయే గాక, ప్రాణాపాయ స్థితిలో ఉన్న వేరొక అభ్యర్థిని ఎవరి అనుమతియు లేకుండా కాపాడినట్లు సాక్ష్యాధారములతో రుజువైనందున, ఆమె ఈ విశ్వవిద్యాలయము నుండి ఎన్నటికిని పాస్ అవుట్ కాజాలదని ధ్రువీకరించడమైనది." కింద రిజిస్ట్రారు సంతకం, గుండ్రటి ముద్ర.

ఒకటో తారీఖు వచ్చింది. సర్టిఫికెట్ లేదు. సువార్తమ్మే వెళ్లమంది. ఉద్యోగం ఇవ్వకపోతే మానె, మనంతట మనమే చెప్పి రావడం మర్యాద అంది. బ్యూలా మార్కుల మెమో, ఆ ఉత్తర్వు రెండూ కవర్లో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.

నర్సింగ్ సూపరింటెండెంటు ఏలీశమ్మ గారి గది బయట అదే బ్యాచ్ అమ్మాయిలు వరసగా కూచుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ బంగారు అక్షరాల సర్టిఫికెట్లు. చిట్టిబాబు మాస్టారి దగ్గర మూడు పూటలా ప్రాక్టీసు చేసిన పిల్లలు. ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు, ఒక్కొక్కరే మొహం వేలాడేసుకుని బయటికొస్తున్నారు. ఏమైందని అడిగితే ఎవరూ చెప్పడం లేదు.

బ్యూలా వంతు వచ్చింది. ఏలీశమ్మ గారు కళ్లజోడు పైనుంచి చూశారు. ఆవిడ టేబుల్ మీద యూనివర్సిటీ పంపిన సర్క్యులర్ ఉంది. ఇకమీదట మా సర్టిఫికెట్లలో పాస్ అవుట్ అనునది నిఘంటువు అర్థములోనే గ్రహించవలెనని, ఉద్యోగాలిచ్చే వాళ్లందరికీ పంపించారు.

"నీ సర్టిఫికెట్ ఏదమ్మా?"

"లేదండీ. డిబార్ చేశారు." ఉత్తర్వు తీసి టేబుల్ మీద పెట్టింది. పెట్టి, కుర్చీలోంచి లేవబోయింది.

"కూచో," అన్నారావిడ. ఉత్తర్వు మొదట్నుంచీ చివరిదాకా చదివారు. చదివి, మళ్లీ మధ్యలో ఒక చోట వేలు పెట్టి చదివారు. "పొద్దుట్నించీ ఎంతమంది వచ్చారో తెలుసా? ఒక్కొక్కరూ పడిపోతామని కాగితం పట్టుకొచ్చారు, కొందరు డిస్టింక్షన్లో. రక్తం చూడాల్సిన ఉద్యోగమమ్మా ఇది. పడిపోయే వాళ్లని పెట్టుకుని నేనేం చేసుకోను? వాళ్ల యూనివర్సిటీయే రాసిచ్చాక నమ్మకుండా ఎలా ఉండను?" ఉత్తర్వు మీద గుండ్రటి ముద్రను వేలితో తడిమారు. "పూర్తి స్పృహలో ఉందని రిజిస్ట్రారు సంతకం పెట్టి ఇచ్చింది నీకొక్కదానికే. ఎవరి అనుమతీ లేకుండా కాపాడిందంట. ఇంతకంటే మంచి సిఫారసు ఉత్తరం నా సర్వీసులో నేను చూళ్లేదు."

బ్యూలా కవర్లోంచి మార్కుల మెమో కూడా తీసి ఉత్తర్వు పక్కన పెట్టింది.

"యూనిఫాం కొలతలు తర్వాత ఇద్దువుగాని. ముందు క్యాజువాలిటీకి వెళ్లు. మనుషులు చాలడం లేదు," అన్నారు ఏలీశమ్మ గారు. "వస్తున్నవాళ్లంతా మీ యూనివర్సిటీ వాళ్లే."

ఆ రోజు ఇంజనీరింగ్ వాళ్లకి రెండో సప్లిమెంటరీ. క్యాజువాలిటీలో మంచాలన్నీ నిండిపోయి, కింద కూడా పరుపులు వేశారు. కొందరికి సెలైన్లు ఎక్కుతున్నాయి. ఎవరికి నిజంగా వడదెబ్బ తగిలిందో, ఎవరు మార్కుల కోసం పడుకున్నారో డ్యూటీ డాక్టరుకి అంతు పట్టడం లేదు. ఎంత పిలిచినా ఒక్కడూ పలకడం లేదు. వాళ్ల మధ్య విభాకర్ షీటు పట్టుకుని తిరుగుతూ, మంచం మంచం దగ్గరా ఆగి మార్కులు వేసుకుంటున్నాడు.

బ్యూలా తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లింది. "ఇది విజిటింగ్ టైము కాదండీ. బయటికి నడవండి."

"నేను ఎగ్జామినర్ని."

"తెలుసండీ. మీరు స్పృహలో లేనట్టు ఉత్తర్వు కూడా ఉంది. పడుకోబెడదామంటే మంచం ఖాళీ లేదు. బయట బెంచీ మీద పడుకోండి, వచ్చి చూస్తాను."

ఆయన చుట్టూ చూసి, షీటు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. స్ప్రింగు తలుపు రెండుసార్లు ఊగి ఆగింది. బ్యూలా మొదటి మంచం దగ్గరికి వచ్చి, దాని మీదున్న కుర్రాడి నాడి చూసింది. బాగానే ఉంది. ఒళ్లు చల్లగానే ఉంది. కనురెప్పలు మాత్రం గట్టిగా బిగించుకుని ఉన్నాడు.

"బాబూ, నా మాట వినిపిస్తోందా?"

కుర్రాడి పెదాలు కదిలీ కదలనట్టు కదిలాయి. "సార్ వెళ్లిపోయారా అండీ?"

"వెళ్లిపోయారు. కళ్లు తెరువు," అంది బ్యూలా.

అతను తెరిచాడు. ఆ వరసలో మంచాల మీద, తర్వాత కింద పరుపుల మీద, ఒక్కో జత కళ్లూ తెరుచుకుంటూ వచ్చాయి. తెరుచుకోని వాళ్లు ముగ్గురు మిగిలారు. బ్యూలా చేతులు కడుక్కుని ఆ ముగ్గురి దగ్గరికి నడిచింది.